రెండు కన్నాలవీ, నాలుగు కన్నాలవీ

జూన్ 3

అక్కకి,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, కిటికీలో మొక్కా. ఫోను ఉండగా ఈ ఉత్తరాల గోలేమిటని బావ అడుగుతాడు. చెబుతాను, కాస్త కూర్చుని చదువు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాత్రం చదవకు.

పోయిన నెల ఒకాయన అంబులెన్స్ కోసం ఫోను చేశాడు. భార్య వంటింట్లో పడిపోయిందన్నాడు. అడ్రసు సరిగ్గానే తీసుకున్నాను, బండి వెంటనే పంపాను, అది వెళ్ళేదాకా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. బండి చేరేసరికే ఆవిడ ప్రాణం పోయింది. నా తప్పేమీ లేదని పైవాళ్ళు రికార్డింగ్ విని కాగితం కూడా రాసిచ్చారు. ఈ ఆరేళ్ళలో ఇలాంటివి నాకు కొత్తా కాదు. కానీ మర్నాటి నుంచి ఫోను మోగితే చాలు, నా కుడిచెయ్యి వణుకుతోంది. ఆఫీసులోదే కాదు, ఇంట్లోది మోగినా అంతే.

ఆఫీసు డాక్టరు నన్ను ఆరు వారాలపాటు ఫోన్ల దగ్గర్నుంచి తీసేసి రికార్డుల గదిలో వేశాడు. జూలై పదిహేనున పరీక్ష. వరసగా ఇరవై ఉత్తుత్తి ఫోన్లు చేస్తారు. చెయ్యి నిలకడగా ఉండి ఇరవై తీస్తే నా కుర్చీ నాది. లేకపోతే రికార్డుల గదే ఖాయం. ఆ గదిలో బీరువాలూ, నేనూ, ఒక ఫ్యానూ. నాకు నా కుర్చీ కావాలక్కా.

మందులేమీ ఇవ్వలేదు. రోజువారీ అలవాట్లు కొన్ని మార్చుకుంటే సరిపోతుందన్నాడు. అవి నేర్పే పని మా షిఫ్టు హెడ్డు పెద్దమ్మకి అప్పగించాడు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఫోన్లు ఎత్తిన మనిషి, వచ్చే ఏడు రిటైరవుతుంది. ఆఫీసులో అందరం పెద్దమ్మ అనే పిలుస్తాం. ఈ ఆరు వారాలూ తప్పనిసరైతే తప్ప ఫోను ముట్టుకోవద్దనీ, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఉత్తరం రాయమనీ ఆవిడే చెప్పింది. నాకు మాట్లాడాలనిపించేది నీతోనే కదా. నువ్వూ ఫోను చెయ్యకు, రాయి.

నీ పిచ్చుక

జూన్ 9

పిచ్చుకా,

నీ ఉత్తరం ఒకసారి నిలబడి, రెండుసార్లు కూర్చుని చదివాను. మీ బావ కూడా చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇక్కడికి వచ్చెయ్యమని రాయి అని, నీళ్ళ పంపుల దగ్గర డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆయన తేల్చేసినట్టు నేనూ ఒక్క ముక్కలో తేల్చేస్తే బాగుండేది. నాకింకా చాలా ఉంది.

ఒంట్లో బాగాలేని మనిషి సొంతవాళ్ళ దగ్గరికి రావాలా, రికార్డుల గదిలో ఫ్యాను కింద కూర్చోవాలా? ఆరు వారాలు సెలవు పెట్టి రా. నా కొట్లో రెండో కుట్టుమిషను నువ్వు వదిలి వెళ్ళినట్టే ఉంది. నెలకోసారి నూనె వేసి మళ్ళీ గుడ్డ కప్పుతున్నాను. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎంతమంది అడిగారో నీకు తెలీదు. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టుకుంటూ ఉంటే చెయ్యి దానంతటదే కుదుటపడుతుంది. నీ చేతి సంగతి నాకు తెలియదూ?

ఇంకో మాట. మన అమ్మకి తోబుట్టువులెవరూ లేరని నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. మరి ఈ పెద్దమ్మ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ముప్ఫై ఏళ్ళు ఫోన్లు ఎత్తితే ఎత్తింది, నిన్ను ఎత్తుకు తిరిగింది నేను. అమ్మ మిల్లులో సాయంత్రం డ్యూటీకి వెళ్తే, పన్నెండేళ్ళు పెద్దదాన్నని నిన్ను నా చంకకి తగిలించి వెళ్ళేది. నీకు అన్నం తినిపించడం, జడ వెయ్యడం, నువ్వు పారేసుకున్న పలకలకి నేను తిట్లు తినడం, ఇవన్నీ ఆ డాక్టరుకి ఎవరు చెప్తారు? అడిగితే నేనే చెప్పేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

అయినా ఆవిడ నేర్పే ఆ గొప్ప అలవాట్లేమిటో రాయి. నేర్చుకుందామని కాదు. తెలుసుకుందామని.

సొంత అక్క

జూన్ 15

సొంత అక్కకి,

ఆ "సొంత" చూసి నవ్వుకున్నాను. అక్కల్లో అద్దెకి దొరికేవాళ్ళు కూడా ఉంటారా?

సెలవు పెడితే కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, అందుకే రాలేను. ఇంకో కారణం కూడా ఉందిలే. అక్కడికొస్తే నువ్వు నన్ను గ్లాసు కడగనివ్వవు. నా చెయ్యి పని చేసి బాగుపడాలి గానీ, ముద్దు చేస్తే బాగుపడదు.

అలవాట్లంటావా, వింటే నువ్వు పెదవి విరుస్తావు. పొద్దున లేవగానే మణికట్ల దాకా చల్లటి నీళ్ళు పోసుకోవాలి. ఆఫీసుకి ఒక స్టాపు ముందే బస్సు దిగి నడవాలి. సాయంత్రం నాలుగు దాటాక టీ తాగకూడదు. తినేటప్పుడు తిండి తప్ప ఇంకేమీ చూడకూడదు, పేపరు కూడా. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. అన్నిటికంటే వింతది దిగులు పుస్తకం. సాయంత్రం అయిదింటికి పది నిమిషాలు దిగులు పడాలి, అదంతా పుస్తకంలో రాసి మూసెయ్యాలి. మిగతా వేళల్లో దిగులొస్తే, అయిదింటికి రా, ఇప్పుడు ఖాళీ లేదు అని చెప్పి పంపేయాలి. మొదటి రోజు నవ్వొచ్చింది. నాలుగో రోజు నుంచి దిగులు నిజంగానే అయిదింటికే వస్తోంది.

ఆదివారం పెద్దమ్మ మా గదికి వచ్చింది. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, కాసేపు ఆయాసపడి, గదంతా చూసి, మంచాన్ని కిటికీ వైపుకి జరిపించింది. పొద్దున్న వెలుగు మొహం మీద పడితే వేళకి మెలకువ వస్తుందట. అప్పటి నుంచి బాగా నిద్ర పడుతోంది. సాయంత్రాలు ఇద్దరం కలిసి పార్కు చుట్టూ నడుస్తున్నాం. ఆవిడ ఎక్కువ మాట్లాడదు, అదే ఆవిడలో హాయి.

నువ్వూ మొదలుపెట్టరాదూ? నీకు బీపీ ఉందిగా.

నీ పిచ్చుక

జూన్ 21

పిచ్చుకా,

ఎక్కువ మాట్లాడకపోవడం అంత హాయిగా ఉంటే ఈ ఉత్తరం ఇక్కడితో ఆపెయ్యాలి. ఆపను.

నీ గదిలో మంచం గోడవారగా వేయించింది నేను. మూడు రోజులు నా కొట్టు మూసుకుని వచ్చి, ఎక్కడ ఏది పెట్టాలో చూసి మరీ పెట్టాను. కిటికీ దగ్గర వర్షం జల్లు కొడుతుందని గోడవారగా వేయించాను. ఆరేళ్ళలో నీకు అది తప్పని తోచలేదు. ఆవిడ ఒక్కసారి ఆయాసపడగానే తోచింది.

సరే, మొదలుపెట్టమన్నావు కాబట్టి మొదలుపెట్టాను. మొదటి రోజే ఊపిరి సంగతి. ఒకాయన కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి అద్దం ముందు నిలబడ్డాడు. నేను నోట్లో ఏడెనిమిది గుండుసూదులు పెట్టుకుని గుర్తులు పెడుతున్నాను. అలవాటంటే పని మధ్యలోనే చెయ్యాలేమోనని నాలుగు లెక్కపెడుతూ గట్టిగా పీల్చాను. ఒక సూది గొంతు దాకా పోయింది. నేను దగ్గడం, ఆయన ఒంటి చెయ్యి కోటుతో వీధిలోకి పరిగెత్తి ఎవరైనా రండి అని అరవడం ఒకేసారి జరిగాయి. నాకేమీ కాలేదు. సూది చేతిలో పడింది. ఆయన మాత్రం రెండో చెయ్యి కొలత ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు.

దిగులు పుస్తకం కూడా పెట్టాను. అయిదింటికే జనం ఆఫీసుల నుంచి వచ్చి ప్యాంట్లు అడుగుతారు, నాకు దిగులు పడే తీరికెక్కడిది? టీ మానేస్తే తలనొప్పి. నడక మాత్రం నడుస్తున్నాను. నిన్న నలభై నిమిషాలు నడిచాను. మీ పెద్దమ్మ ఎన్ని నడుస్తుందో కనుక్కుని రాయి. నడకలో ఎదురు లాండ్రీ ముందునుంచి రెండుసార్లు వెళ్ళాల్సి వస్తోంది. నా డబ్బాలోంచి కోటు బొత్తాలు పోయినప్పటి నుంచీ ఆ లాండ్రీ ఆయనతో నాకు మాటల్లేవు కదా. అప్పట్లో ఇస్త్రీకి ఇచ్చే కోట్ల కోసం నా కొట్లోకి వచ్చిపోయే మనిషి ఆయనొక్కడే. ఆరేళ్ళయినా ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంక నడిచి ఏం లాభం?

మందుల షాపులో బీపీ చూపించుకున్నాను. ఈ అలవాట్లు మొదలుపెట్టక ముందు కంటే పెరిగింది. మీ బావ కూడా నాతో పాటు చేస్తున్నాడు, ఏ లెక్కా లేకుండా. ఆయనకి తగ్గింది.

సొంత అక్క

జూన్ 27

అక్కా,

సూదుల కథ చదివి కడుపు పట్టుకుని నవ్వాను. టీ వేళకి ఆ ముక్క పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వగా ఈ ఆరేళ్ళలో నేను ఎప్పుడూ చూడలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుని, మీ అక్కని ఒకసారి చూడాలి అంది. ఆవిడ ఎంతసేపు నడుస్తుందో అడిగావని చెప్పాను. మోకాళ్ళ నొప్పితో ఇరవై నిమిషాలేనట. గెలుపు నీదే.

శుభవార్త. నిన్న డాక్టరు ఊరికే చూద్దామని ఆరు ఫోన్లు మోగించాడు. మొదటి అయిదు ఫోన్లకీ చెయ్యి కదల్లేదు. ఆరోదానికి కొంచెం వణికింది, అదీ చిటికెన వేలు మాత్రమే. పరీక్షకి ఇంకా రెండు వారాల పైనే ఉంది. చల్లనీళ్ళు, నడక పనిచేస్తున్నాయి గానీ, అన్నిటికంటే బాగా పనిచేసేది బొత్తాల పని. మూడింటికి పెద్దమ్మ బల్ల మీద గుప్పెడు బొత్తాలు పోస్తుంది. రెండు కన్నాలవి ఒకవైపు, నాలుగు కన్నాలవి ఒకవైపు వెయ్యాలి. పావుగంటలో చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. వాటిల్లో పెద్ద గోధుమరంగు కోటు బొత్తాలు కొన్ని ఉన్నాయి, ఒకదానికి అంచు పగిలి ఉంటుంది. అది వేలికి తగిలిందంటే నాకు సగం భయం పోయినట్టే.

ఆ బొత్తాల వెనక ఒక కథ ఉంది. ఉత్తరంలో కాదు, ఎదురుగా కూర్చుని చెబుతాను. చెబితే తిడతావు, ముందే తెలుసు.

నీ పిచ్చుక

జూలై 2

నువ్వు ఎదురుగా కూర్చుని చెప్పక్కర్లేదు. చదవగానే తెలిసింది.

గోధుమరంగు, చెక్కవి, నాలుగు కన్నాలవి, ఒకటి అంచు పగిలినది. పాతబడిన కోటు మీంచి విప్పినవి, నా బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. నేను కుట్టుపని నేర్చుకున్న మొదటి ఏడాది మా మేస్త్రీ నాకు ఇచ్చినవి. నువ్వు ఉద్యోగానికి వెళ్ళిన వారంలో కనపడలేదు. ఎదురు లాండ్రీ ఆయన్ని నలుగురి ముందు నిలబెట్టి దొంగా అన్నాను. ఆరేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. పట్టుకెళ్ళింది నువ్వు. పట్టుకెళ్ళి ఎవరి చేతిలో పోశావు? ఆవిడ చేతిలో.

నువ్వు ఏడుస్తుంటే నీ ముందు ఆ డబ్బా బోర్లించింది నేను. రెండు కన్నాలవీ, నాలుగు కన్నాలవీ వేరు చేయించింది నేను. అది ఇప్పుడు ఆవిడ నేర్పిన అలవాటైపోయింది. నా ఉత్తరాలు నవ్వుకోవడానికి ఆవిడకి చదివి వినిపిస్తున్నావు. నా సొమ్ముతో, నా పద్ధతితో, నా మీద నవ్వుతో ఆవిడ నిన్ను బాగుచేస్తోంది. బాగుంది.

నాకు కుళ్ళుగా ఉంది. దాచుకోవడానికేమీ లేదు.

రెండో మిషను మీద కొత్తమ్మాయిని కూర్చోబెట్టాను. నెమ్మదస్తురాలు. చెప్పిన మాట వింటుంది. ఇక నువ్వు రాయక్కర్లేదు.

జూలై 7

అక్కా,

అవును, నేనే తీశాను. బయల్దేరే రోజు, నువ్వు నా పెట్టె తాడు కడుతుంటే తీశాను. లాండ్రీ ఆయన్ని తిట్టావని నాకు తెలిసేసరికి ఏడాదైంది. అప్పటికి చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు తీశానో పరీక్ష అయ్యాక రాస్తాను. ఇప్పుడు రాస్తే అయిదింటి పుస్తకం చాలదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు డాక్టరు మోగించిన రెండో ఫోనుకే చెయ్యి వణికింది. పదిహేనో తారీఖు దాకా నాతో పోట్లాడకు. ఆ తర్వాత ఎంత కావాలంటే అంత.

రెండో మిషను మాట నిజమేనా?

పిచ్చుక

జూలై 10

పిచ్చుకా,

నీతో పోట్లాడటం లేదు. ఒక తప్పు చేశాను, అది చెప్పుకోవాలి. ఈ ఉత్తరం నీకు పరీక్ష లోపల అందాలని పోస్టాఫీసుకి నేనే వెళ్ళి వేస్తున్నాను.

రెండో తారీఖున నీకు రాసిన రోజే మీ పెద్దమ్మకి కూడా ఒకటి రాశాను. ఆఫీసు అడ్రసుకి. కోపంలో కూర్చున్నదాన్ని, కుట్టు మొదలుపెడితే దారం తెగేదాకా ఆపని దాన్ని కదా, మూడు పేజీలు రాశాను. నా చెల్లెలు మీ ఫోన్లకి పనికిరాదనీ, చిన్నప్పుడు మిల్లు సైరన్ మోగితే మంచం కిందకి దూరేదనీ, అలాంటి పిల్లని అంబులెన్సుల మధ్య కూర్చోబెట్టడం పాపమనీ రాశాను. నిన్ను పరీక్షకి కూర్చోబెట్టకుండా ఇంటికి పంపమని రాశాను. నీ చెయ్యి వణికితే ఏం చెయ్యాలో నాకొక్కదానికే తెలుసని, ఆ బొత్తాల సంగతంతా రాసి, మీకేం తెలుసు అని ఆఖర్న అడిగాను.

పోస్టు డబ్బాలో వేసేటప్పుడు హాయిగా ఉంది. మూడు రోజులయ్యాక మీ బావకి చెప్పాను. ఆయన అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన అన్నం వదిలేసి లేవడం నాకు తెలీదు. మర్నాడు పోస్టాఫీసుకి వెళ్ళి వెనక్కి ఇమ్మని అడిగితే, కిటికీ వెనక అమ్మాయి, అది ఎప్పుడో చేరిపోయి ఉంటుందండీ అంది.

ఆవిడ ఇంకా చదవకపోతే చింపెయ్యమను. చదివేస్తే, అక్కకి మతిపోయిందని చెప్పు. నీ కుర్చీ నీకు కావాలని మొదటి ఉత్తరంలోనే రాశావు. నేను చదివాను. చదివి కూడా రాశాను.

అక్క

జూలై 22

అక్కకి,

నీ పదో తారీఖు ఉత్తరం నాకు పదహారున అందింది. అందువల్ల ఏ లాభమూ లేకపోయింది. జరిగింది వరసగా రాస్తాను, మధ్యలో లేవకు.

పెద్దమ్మకి నువ్వు రాసింది ఏడున చేరింది. ఉద్యోగి ఆరోగ్యం గురించి ఇంట్లోవాళ్ళు ఏం రాసినా డాక్టరు ఫైలులో పెట్టాలని మా ఆఫీసులో రూలు. పెద్దమ్మ రూలు తప్పే మనిషి కాదు. చింపి పారేస్తే బాగుండునని రెండు రోజులు బల్ల సొరుగులో పెట్టుకుని, మూడో రోజు ఇచ్చేసిందట. డాక్టరు నన్ను పిలిచి, నీ ఉత్తరం నాకు వినిపించాడు. మంచం కింద దూరిన సంగతి వేరే మనిషి గొంతులో వినడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. పరీక్ష ఇరవైకి వాయిదా వేశాడు. ఆ రోజు నీ మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. దిగులు పుస్తకంలో రెండు పేజీలు నిన్నే తిట్టాను. పుస్తకం దాచిపెట్టాను, ఎప్పటికైనా చూపిస్తాను.

ఇది నిజమేనా అని డాక్టరు అడిగాడు. నిజమే అన్నాను. సైరన్ అంటే అంత భయమున్న మనిషివి ఈ ఉద్యోగానికి ఎందుకొచ్చావన్నాడు. ఇంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. నువ్వు కూడా అడగలేదు, వద్దన్నావంతే. ఆయనకి ఏం చెప్పానో నీకూ చెబుతాను. సైరన్ మోగితే అక్క కూడా మంచం కిందకి వచ్చేది. డబ్బా బోర్లించి, సైరన్ ఆగేదాకా మాట్లాడుతూనే ఉండేది, అది రెండు కన్నాలదా, నాలుగు కన్నాలదా, సరిగ్గా చూసి చెప్పు అని. ఫోన్లో నేను చేసేది అదే. బండి వచ్చేదాకా అవతలి మనిషిని వదలకుండా ఏదో ఒకటి అడుగుతూ ఉంటాను. తలుపు తీసి పెట్టారా, దీపం వేశారా అని. ఈ ఉద్యోగం నాకు నేర్పింది నువ్వే అక్కా. బొత్తాలు అందుకే తీశాను. అడిగితే నువ్వు డబ్బా మొత్తం ఇచ్చేదానివి. నీ దగ్గర కొన్ని, నా దగ్గర కొన్ని ఉండాలనుకున్నాను.

అప్పుడు అక్కడే పక్కన కూర్చున్న పెద్దమ్మ లేచి వెళ్ళి, ఫోన్ల గదిలోంచి డబ్బా తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టింది. నా దగ్గరున్నవి నేను చేరిన ఏడాదే ఆ గదిలో పెట్టాను, తర్వాత ఒక్కొక్కళ్ళూ తలా కొన్ని తెచ్చి కలిపారు. మూత మీద కాగితం అంటించి "అక్క" అని రాసి ఉంటుంది. చెడ్డ ఫోను వచ్చి ఎవరి చెయ్యైనా వణికితే, పో, పావుగంట అక్క దగ్గర కూర్చుని రా అంటారు. మగవాళ్ళూ అంటారు. మీసాలాయన ఒకాయన రోజూ కూర్చుంటాడు. నువ్వు పెద్దమ్మని చూసి కుళ్ళుకున్న ఈ నెలన్నరా, ఆవిడ నాకు నేర్పిన వాటిలో అన్నిటికంటే పనిచేసింది నీదే. ఆవిడ నన్ను రోజూ పంపింది నీ దగ్గరికే. మొదట్లోనే ఈ మాట రాసి ఉంటే సరిపోయేది. దొంగతనం బయటపడుతుందని రాయలేదు. ఆ తప్పు నాది.

ఇరవైన పరీక్షకి కూర్చున్నాను. పద్దెనిమిది ఫోన్లు సాఫీగా వెళ్ళాయి. పంతొమ్మిదోది, వంటింట్లో పడిపోయింది అనే మాటతో మొదలైంది. కావాలనే పెట్టారనుకుంటా. కుడిచెయ్యి కొంచెం కదిలింది. ఎడమచెయ్యి జేబులో ఉంది. అందులో అంచు పగిలిన బొత్తాం ఉంది. ఇరవై తీశాను. సోమవారం నుంచి నా కుర్చీలో కూర్చుంటాను.

ఇక నా సంగతి. పరీక్ష ముందు రెండు రోజులు నాకు నిద్ర లేకుండా చేసింది ఫోన్ల భయం కాదు. రెండో మిషను మీద కూర్చున్న ఆ నెమ్మదస్తురాలు. చెప్పిన మాట వింటుందట. ఆమె కాళ్ళకి పెడలు అందుతుందా? నా బాబిన్ల పెట్టె కూడా ఆమెకి ఇచ్చేశావా? నేను వెళ్ళిపోయిన దాన్నే, అడిగే హక్కు లేదు. అయినా అడుగుతున్నాను. ఫోను మోగినా ఇప్పుడు నాకేం కాదు, కానీ ఈ జవాబు మాత్రం రాసి పంపు. చేతిరాత చూస్తే నువ్వు అబద్ధం చెబుతున్నావో లేదో నాకు తెలుస్తుంది.

పిచ్చుక

జూలై 28

పిచ్చుకా,

కొత్తమ్మాయి లేదు, పాతమ్మాయి లేదు. నీకు కుళ్ళు పుట్టాలని రాశాను. పుట్టిందని తెలిసి, సిగ్గు లేకుండా చెబుతున్నాను, కడుపు నిండినట్టయింది. ఉత్తరం రాగానే గుడ్డ తీసి నూనె వేశాను. బాబిన్ల పెట్టెలో నువ్వు చుట్టి వదిలేసిన పసుప్పచ్చ దారం బాబిన్ ఇంకా ఉంది. అది కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వను.

నిన్న ఎదురు లాండ్రీకి వెళ్ళాను. ఆరేళ్ళ తర్వాత ఆ గడప ఎక్కడానికి నాలుగు పీల్చి ఆరు వదిలాను, ఈసారి నోట్లో సూదులు లేవు. బొత్తాలు దొరికాయి, తప్పు నాదే, క్షమించండి అన్నాను. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, అందుకా మీరు దొంగా అన్నది, నేను మీ ఆయన తెల్ల చొక్కా కాల్చి మీకు చెప్పకుండా దాచినందుకనుకున్నాను అన్నాడు. ఆ చొక్కా సంగతి మీ బావ నాకు ఎప్పుడూ చెప్పలేదు. దాని సంగతి ఇంటికొచ్చాక తేల్చాను.

పెద్దమ్మగారికి వేరే కవరులో క్షమాపణ రాసి పెట్టాను. నువ్వు విప్పకు. నీకు రాసినవి ఆవిడకి వినిపించావు కదా, ఆవిడకి రాసింది నీకు వినిపించక్కర్లేదు. మోకాళ్ళకి తొడుగు ఒకటి కుట్టి పంపుతున్నాను. మూడో అంతస్తు దాకా ఎక్కి నీ మంచం జరిపిన మోకాళ్ళు. మంచం కిటికీ దగ్గరే ఉండనీ. వానాకాలం మాత్రం గోడవారకి లాగు.

నువ్వు రాసిన ఆ మంచం కింద ముక్క మీ బావకి చదివి వినిపించాను. తర్వాత చదవలేక ఆయన చేతికే ఇచ్చాను. నన్నెవరూ అడగలేదని ఒకప్పుడు రాశాను చూడు, ఆ మాట కొట్టేసుకో.

నా బిస్కెట్ల డబ్బాలో మిగిలిన బొత్తాల్లో సగం పార్సిల్లో పంపుతున్నాను. అంచు పగిలినది నీ జేబులోనే ఉంచుకో, గదిలో పెట్టకు.

ఆఖరి మాట. మూత మీద ఆ పేరు నాకు నచ్చలేదు. ఆ గదిలో వాళ్ళందరికీ నేనెప్పుడు అక్కనయ్యాను? ఆ మీసాలాయనకి నేను అక్కనేమిటి? నువ్వు పుట్టాక ఆ పిలుపు కోసం ఏడాదిన్నర కాచుకున్నాను. అమ్మ అనకముందు నువ్వు అన్న మాట అది. దాన్ని కాగితం మీద రాసి ఊరందరికీ పంచితే నాకు ప్రాణం ఒప్పదు. చింపెయ్యమని రాద్దామనుకున్నాను, కానీ చెయ్యి వణికేవాళ్ళని లేచి పొమ్మనలేను. ఉండనీ. ఎవరికి కావాలంటే వాళ్ళు వచ్చి కూర్చోనీ. పేరు మాత్రం సరిచేయించు. నేను కింద సంతకం పెట్టినట్టే, పెద్ద అక్షరాలతో రాయించు.

పిచ్చుక వాళ్ళ అక్క